గడ్డే కదా అని తీసిపారెయ్యకండి

"అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?" అన్న తిట్టు వినపడని ఇల్లు మన తెలుగువాళ్ళలో ఉంటుందంటే నేను నమ్మను. పిల్లాడికి లెక్కల్లో మార్కులు తగ్గితే ఇదే మాట. పనివాడు పని పాడుచేస్తే ఇదే మాట. లంచం పుచ్చుకున్నవాణ్ణి "గడ్డి కరిచాడు" అంటాం. లెక్కలోకి రానివాణ్ణి గడ్డిపోచ కింద జమ కడతాం. ఏడాదికోసారి వినాయక చవితినాడు గరికగా దేవుడి దగ్గరికి చేరడం తప్పిస్తే గడ్డికి మన భాషలో మర్యాద దొరికే చోటే కనిపించదు. పొద్దుటినుంచీ ఇరవై రకాల పనులు చేసి కూడా "ఆవిడ ఇంట్లోనే ఉంటుందండీ, ఏమీ చెయ్యదు" అనిపించుకునే మనబోటి ఆడవాళ్ళకి గడ్డి మీద కాస్త సానుభూతి ఉండడం న్యాయమే కదా!

నా విషయంలో ఆ సానుభూతి కాస్తా గౌరవంగా మారిపోయింది. దానికి కారణం మా అక్క కూతురు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో కాపురం. సెలవులకి పిల్లల్ని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి వచ్చి నాకు ఫోన్ చేసింది.

"పిన్నీ, సముద్రంలో విత్తనాలు చల్లి గడ్డి పెంచారంటే నమ్ముతావా?"

"ఉప్పునీళ్ళలో విత్తనం కుళ్ళిపోదుటే? అయినా పనిగట్టుకుని గడ్డి పెంచడమేమిటి, మనం పెరట్లో పీకలేక చస్తుంటే!" అన్నాను.

"అదే మరి! ఆ గడ్డి పోతే దాంతోపాటు అక్కడివాళ్ళ బతుకుతెరువే పోయిందట పిన్నీ" అంది.

గడ్డి పోతే బతుకుతెరువు పోవడమేమిటి? ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. తరవాత దొరికిన పుస్తకమల్లా చదివాను. మా అబ్బాయి కంప్యూటర్లో చూపించిందల్లా చదివాను. చదివినకొద్దీ ఇది మనలాంటి ఇల్లాళ్ళు తప్పకుండా తెలుసుకోవలసిన సంగతి అనిపించింది. ఎందుకంటే ఇందులో వంట ఉంది, ఇంటికప్పు ఉంది, పరుపు ఉంది. అన్నిటికీ మించి, ఎవరి కంటికీ ఆనని చాకిరీ ఒక్కసారి ఆగిపోతే ఏమవుతుందో ఉంది.

ఆ గడ్డి పేరు ఈల్ గ్రాస్. ఈల్ అంటే పాములా సన్నగా పొడుగ్గా ఉండే ఒక రకం చేప. శాస్త్రజ్ఞులు దీన్ని జోస్టెరా మెరీనా అంటారు. 1753లో స్వీడన్ దేశపు లిన్నేయస్ పెట్టిన పేరది. జోస్టెర్ అంటే గ్రీకు భాషలో నడికట్టు. మన మాటల్లో చెప్పాలంటే సముద్రపు వడ్డాణం అన్నమాట! ఆకులు పచ్చటి రిబ్బన్లలా ఉంటాయి. వేలెడు వెడల్పు కూడా ఉండవు గానీ పొడవు మాత్రం మూడు నాలుగు అడుగుల దాకా సాగుతాయి. చలి, వేడి రెండూ మితంగా ఉండే సముద్రాల్లో ఒడ్డుకి దగ్గరగా, ఎండ అడుగుదాకా దిగే లోతు తక్కువ నీళ్ళల్లో పెరుగుతుంది. యూరప్, అమెరికా, జపాన్, కొరియా తీరాల్లో ఇది కనిపిస్తుంది. మన బంగాళాఖాతం దీనికి మరీ వెచ్చన. అందుకే మనకి దీని ముఖపరిచయం లేదు.

"సముద్రంలో గడ్డంటే నాచే కదా!" అంటారేమో. కాదు. మనం పుడ్డింగ్ చేసుకోవడానికి చైనా గ్రాస్ కొంటాం చూడండి, దాని పేరులో గడ్డి ఉంది గానీ అది గడ్డి కాదు, సముద్రపు నాచునుంచి తీసిన పదార్థం. నాచుకి వేళ్ళు ఉండవు, పువ్వు పుయ్యదు, గింజ కట్టదు. ఈల్ గ్రాస్ అలా కాదు. దీనికి వేళ్ళున్నాయి, పూలున్నాయి, గింజలున్నాయి. అచ్చంగా నేలమీద మొక్కే. ఇంకా తమాషా ఏమిటంటే, దీనికి మన గరికతో చుట్టరికం తక్కువ, చేమదుంప మొక్కతో ఎక్కువ! వృక్షశాస్త్రంలో ఈ రెండూ ఒకే గోత్రంలోకి వస్తాయట. మనం ఉడకబెట్టి తొక్కతీసి వేపుడు చేసుకునే చేమదుంపకి సముద్రం అడుగున ఇలాంటి దాయాది ఉందని ఎవరనుకుంటారు?

దీని పూర్వీకులు కోట్ల ఏళ్ళ కిందట నేలమీదే ఉండి, తరవాత సముద్రంలోకి కాపురం మార్చాయి. 2016లో శాస్త్రజ్ఞులు దీని జన్యువులన్నీ వరసగా చదివి, ఆ కాపురం మార్పులో అది ఏమేం వదులుకుందో చెప్పారు. నేలమీద మొక్కలకి ఆకులమీద గాలి పీల్చుకునే సన్నటి రంధ్రాలుంటాయి. నీళ్ళలో వాటితో పనేముంది? వదిలేసింది. కొన్ని రకాల వాసనలు పుట్టించే శక్తినీ, తీక్షణమైన ఎండనుంచి కాచుకునే ఏర్పాట్లలో కొన్నిటినీ కూడా వదిలేసింది. ఉప్పుని తట్టుకోవడం మాత్రం కొత్తగా నేర్చుకుంది. పుట్టింటి అలవాట్లు కొన్ని వదులుకుని అత్తవారింటి పద్ధతులు నేర్చుకునే కొత్తకోడలు గుర్తుకు రావడంలేదూ?

ఇక దీని పూలకి రంగూ లేదు, రెక్కలూ లేవు. నీటి అడుగున తేనెటీగలు రావు కదా, ఎవరి కోసం అలంకరించుకోవాలి? పుప్పొడి సన్నటి దారప్పోగుల్లా విడివడి నీటి వాలున కొట్టుకుపోయి ఆడపువ్వుకి చుట్టుకుంటుంది. అలా కట్టిన గింజ 3 మిల్లీమీటర్లుంటుంది, నువ్వుగింజంత అనుకోండి. గింజలతోనే కాదు, మన గరికలాగే నేలలో కాండం పాకించుకుంటూ కణుపు కణుపుకీ వేరు దింపుతూ కూడా ఇది వ్యాపిస్తుంది. అలా ఒకే మొక్క పాకుతూ పాకుతూ ఎన్నేళ్ళు బతుకుతుందో తెలుసా? ఫిన్లాండ్ దగ్గర బాల్టిక్ సముద్రంలో ఉన్న ఒక మొక్క వయసు సుమారు 1,400 ఏళ్ళని 2024లో లెక్కగట్టారు. నన్నయగారు రాజమహేంద్రవరంలో మహాభారతం తెనిగించడానికి కూర్చునేనాటికే దానికి నాలుగు వందల ఏళ్ళు నిండాయన్నమాట!

ఇంతకీ ఇది చేసే పనేమిటి? చెప్తే మీకు నవ్వొస్తుంది. అచ్చు ఇంటిపనే! ఒత్తుగా పెరిగిన ఆకుల మధ్యకి వచ్చేసరికి అల వేగం తగ్గిపోతుంది. దాంతో నీళ్ళలో తేలే మట్టీ, నలుసులూ అడుక్కి దిగుతాయి. దిగిన మట్టిని వేళ్ళు కదలకుండా పట్టి ఉంచుతాయి. నీళ్ళు తేటపడతాయి. మనం బురదనీళ్ళలో ఇండుపగింజ అరగదీస్తే తేటపడినట్టే. నీళ్ళు తేటగా ఉంటే ఎండ అడుగుదాకా దిగుతుంది, ఎండ దిగితే గడ్డి ఇంకా బాగా పెరుగుతుంది. ఆ ఆకుల చాటున చేపపిల్లలు, రొయ్యపిల్లలు, పీతలు పెద్ద చేపల కంటపడకుండా పెరుగుతాయి. కొన్ని చేపలు ఆకులమీదే గుడ్లు పెడతాయి. ఆకులకి పట్టిన పాచిని చిన్న చిన్న నత్తలూ రొయ్యలూ గీకి తిని శుభ్రం చేస్తుంటాయి. తుడవడం, తేర్చడం, పిల్లల్ని సాకడం, వచ్చినవాళ్ళకి ఇంత పెట్టడం... ఇదంతా ఇంటి చాకిరీ కాకపోతే మరేమిటి?

ఇప్పుడు వంట సంగతికొద్దాం. ఈ గడ్డి గింజని అన్నంగా తిన్నవాళ్ళున్నారు. మెక్సికో దేశంలో సొనోరా అనే ఎడారి ప్రాంతం ఉంది. దాని పక్కనే కాలిఫోర్నియా సింధుశాఖ. ఆ ఒడ్డున సేరీ అనే తెగవాళ్ళు తరతరాలుగా బతుకుతున్నారు. తమని తాము కొమ్‌కాక్ అని చెప్పుకుంటారు. చుట్టూ ఎడారి, వ్యవసాయం లేదు. ఎదురుగా ఉప్పు సముద్రం. అలాంటి చోట వాళ్ళకి ధాన్యం సముద్రంలోంచే దొరికింది. అక్కడ ఈల్ గ్రాస్ చలికాలంలో పెరిగి వసంతంలో గింజ కట్టి, నీళ్ళు వేడెక్కేసరికి వేళ్ళనుంచి విడిపోయి తేలుతూ ఒడ్డుకొస్తుంది. ఏప్రిల్ నెల వచ్చేసరికి కోత అన్నమాట. ఆ నెలకి వాళ్ళ భాషలో ఈ గింజల కోత నెల అనే అర్థం వచ్చే పేరే ఉంది. మనం నెలలకి నక్షత్రాల పేర్లు పెట్టుకున్నాం, వాళ్ళు తిండి పేరు పెట్టుకున్నారు!

ఆ పని జరిగే తీరు చదువుతుంటే మా అమ్మమ్మ వాకిట్లో కూర్చున్నట్టే అనిపించింది నాకు. ఒడ్డుకొచ్చిన గడ్డిని పోగుచేసి ఇసకమీద ఎండబెడతారు. ఎండాక కర్రలతో బాదుతారు. చెరిగి పొట్టు ఎగరేస్తారు. గింజల్ని దోరగా వేయిస్తారు. వేయించినవాటిని దంచి, మళ్ళీ చెరిగి, రాతిమీద నూరి పిండి చేస్తారు. ఆ పిండిని నీళ్ళలో కలిపి జావ కాస్తారు. ఆ జావకి సొంత రుచి తక్కువ. అందుకని తేనె కలుపుకునేవారు, లేదా సముద్రపు తాబేలు నూనె వేసుకునేవారు. మన రాగిజావకి మజ్జిగా, బెల్లమూ తోడైనట్టే అనుకోండి. ఎండబెట్టడం, బాదడం, చెరగడం, వేయించడం, దంచడం, నూరడం... ప్రపంచంలో ఏ మూలకెళ్ళినా గింజకీ ఆడదాని చేతికీ మధ్య వరస ఒక్కటే కాబోలు.

బజారులో పిండి దొరకడం మొదలయ్యాక ఈ కోత తగ్గుతూ వచ్చింది. ఇంతలో ఒక మంచిపని జరిగింది. మేరీ బెక్ మోజర్ అనే ఆవిడ భర్తతో కలిసి 1951నుంచీ సేరీవాళ్ళ మధ్యే ఉంటూ వాళ్ళ భాష నేర్చుకుంది. వాళ్ళు చెప్పిందంతా శ్రద్ధగా విని రాసుకుంది. రిచర్డ్ ఫెల్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడితో కలిసి 1973లో 'సైన్స్' పత్రికలో ఈ గింజ గురించి రాసింది. గింజలో పిండిపదార్థం సుమారు 50 శాతం, మాంసకృత్తులు సుమారు 13 శాతం, కొవ్వు 1 శాతం ఉన్నాయని తేలింది. మాంసకృత్తుల్లో మన బియ్యం దీనికి దిగదుడుపే! సముద్రంలో పండిన ధాన్యాన్ని మనుషులు ప్రధానమైన తిండిగా వాడుకున్న దాఖలా ఇదొక్కటే అని కూడా వాళ్ళు రాశారు.

ఆ చిన్న వ్యాసం ఏళ్ళ తరబడి ఎక్కడో అల్మారాలో పడి ఉంది. స్పెయిన్‌లో కాడిజ్ అఖాతం ఒడ్డున ఆంఖెల్ లియోన్ అనే పేరున్న వంటాయన హోటలు నడుపుతాడు. సముద్రంలో దొరికేవాటితోనే వండుతాడు. 2017 ప్రాంతంలో ఆయన కన్ను ఈ గింజలమీద పడింది. ఇవి తినొచ్చా అని వెతికితే ఆ పాత వ్యాసం దొరికింది! ఆ అఖాతంలోనే ఈ గడ్డిని పెంచి చూశాడు. ఉడికిస్తే బియ్యానికీ కినోవాకీ మధ్యస్థంగా ఉంటుందనీ, చివర్లో కాస్త సముద్రపు రుచి తగులుతుందనీ ఆయన చెప్పాడు. 2021లో ఈ సంగతి పత్రికల్లో వచ్చి ప్రపంచమంతా 'సముద్రపు బియ్యం' అని చెప్పుకుంది. కొత్తగా కనిపెట్టారని చాలామంది అనుకున్నారు గానీ, ఎడారి ఒడ్డున ఆడవాళ్ళు తరతరాలుగా వండి పెడుతున్న జావే అది.

తిండి తరవాత ఇల్లు. డెన్మార్క్ దేశంలో లేసో అనే చిన్న దీవి ఉంది. పూర్వం అక్కడ ఉప్పు వండేవారు. ఉప్పునీళ్ళు మరిగించడానికి కట్టెలు కావాలి కదా! దీవిలో ఉన్న చెట్లన్నీ ఆ పొయ్యిలకే ఆహుతి అయిపోయాయి. 1652 నాటికి ఉప్పు పనీ ఆగిపోయింది, అడివీ పోయింది. చెట్లు పోయేసరికి ఇసక లేచి పొలాలమీద పడింది. ఇక ఇల్లు కప్పుకోవడానికి కలప లేదు, వరిగడ్డిలాంటి గడ్డీ చాలదు. మగవాళ్ళు ఓడలమీద వెళ్ళిపోయేవారు. వ్యవసాయం, పశువులు, పిల్లలు, ఇల్లు - అన్నీ ఆడవాళ్ళ నెత్తినే.

ఆ ఆడవాళ్ళే దారి వెతుక్కున్నారు. ఒడ్డుకి కొట్టుకొచ్చే ఈల్ గ్రాస్‌ని బళ్ళకెత్తి తెచ్చి పొలాల్లో పరిచి ఎండబెట్టేవారు. దాన్ని జడ అల్లినట్టు మెలిపెట్టి లావుపాటి మోకుల్లా చేసి ఇంటివాసాలకి బిగించి కట్టేవారు. వాటిపైన ఇంకా గడ్డి పోసి తొక్కేవారు. ఒక కప్పు వెయ్యాలంటే ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా కలిసి వచ్చేవారు. మన ఊళ్ళల్లో పెళ్ళికి అప్పడాలు వత్తడానికి వీధివీధంతా వచ్చినట్టు! ఆ కప్పు కొన్నిచోట్ల మీటరు మందం దాకా ఉంటుంది. గడ్డిలో ఉప్పు ఉండడంవల్ల చెద, పురుగు తొందరగా అంటవు, తొందరగా కుళ్ళదు, నిప్పు కూడా సులువుగా రాజుకోదు. మన తాటాకు కప్పు కొన్నేళ్ళకోసారి మార్చుకోవాలి. ఆ కప్పుల్లో కొన్ని 300 ఏళ్ళయినా నిలబడే ఉన్నాయి.

ఒక్క లేసోలోనే కాదు. యూరప్‌లో చాలాచోట్ల దీన్ని పరుపుల్లో, దిండ్లలో కూరేవారు. మనకి బూరుగు దూదీ, కొబ్బరిపీచూ ఎలాగో వాళ్ళకి ఇది అలాగ. డచ్చివాళ్ళు సముద్రాన్ని ఆపే కట్టల్లో దీన్నే వాడుకున్నారు. అమెరికాలో బోస్టన్ నగరంలో సామ్యూల్ క్యాబట్ అనే ఆయన 1890లలో ఎండిన ఈల్ గ్రాస్‌ని రెండు కాగితాల మధ్య పరిచి కుట్టించి, ఇళ్ళ గోడల్లో చలి రాకుండా పెట్టుకోవడానికి అమ్మాడు. దానికి పెట్టిన పేరు 'క్యాబట్స్ క్విల్ట్'. అంటే క్యాబట్ బొంత. గోడకి బొంత కప్పడమన్నమాట!

ఇంతమందికి ఇన్నివిధాల పనికొచ్చినా, ఆ గడ్డి ఎప్పుడూ ఉంటుందిలే అనే అందరూ అనుకున్నారు. ఇంట్లో అమ్మ ఎప్పుడూ ఉంటుందిలే అనుకున్నట్టు.

1931లో అమెరికా తూర్పుతీరంలో ఆకులమీద నల్లటి మచ్చలు కనిపించాయి. తరవాత ఆకులు రాలిపోయాయి. రెండు మూడేళ్ళు తిరిగేసరికి అట్లాంటిక్ మహాసముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఉన్న ఈల్ గ్రాస్‌లో నూటికి తొంభై వంతులు తుడిచిపెట్టుకుపోయింది. కంటికి కనపడని లాబిరింథ్యులా అనే సూక్ష్మజీవి తెచ్చిన తెగులది. ఉప్పు తక్కువగా ఉండే నదీముఖాల దగ్గర ఆ జీవి బలం చాలదు కాబట్టి అక్కడక్కడ కొంత గడ్డి మిగిలింది. మిగతాచోట్ల నేల బోడిదైపోయింది.

అప్పుడు తెలిసింది ఆ గడ్డి చేస్తున్న పనేమిటో. దాన్నే మేసి బతికే బ్రాంట్ అనే నల్లటి పెద్దబాతులు గుంపులు గుంపులుగా తగ్గిపోయాయి. లేసోలో కప్పులకి గడ్డి దొరకడం ఆగిపోయింది. గడ్డి ఆగేసరికి పనీ ఆగింది. పని ఆగేసరికి మోకు మెలిపెట్టే నేర్పు తల్లినుంచి కూతురికి అందడం ఆగింది. ఒకప్పుడు వందల ఇళ్ళకి ఆ కప్పు ఉండేది. ఇప్పుడు మిగిలినవి ఇరవైకి అటూ ఇటూ.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఒక చిన్న నత్త కథ. ఆ ఆకులమీద తప్ప ఇంకెక్కడా బతకలేని చిన్న గుల్లనత్త ఒకటుండేది. దాని పేరు లోటియా ఆల్వియస్. 1929 తరవాత అది మళ్ళీ ఎవరికీ దొరకలేదు. గడ్డి పోవడంతో అదీ పోయింది. విచిత్రమేమిటంటే, అది లేదన్న సంగతి శాస్త్రజ్ఞులు గుర్తించి రాసింది 1991లో! అరవై ఏళ్ళు, అది లేదని కూడా ఎవరూ గమనించలేదు. రోజూ ఆకులు తుడుస్తూ బతికిన జీవి అది. ఆ వాక్యం చదివి కాసేపు పుస్తకం మూసేశాను.

ఇక మా అక్క కూతురు చెప్పిన వర్జీనియా సంగతి. అక్కడ అట్లాంటిక్ వైపున వరసగా చిన్న చిన్న అఖాతాలున్నాయి. వాటిల్లోని గడ్డి తెగులుతో సగం చచ్చి ఉండగా 1933 ఆగస్టులో పెద్ద తుఫాను వచ్చి మిగిలింది కూడా ఊడ్చేసింది. ఆ గడ్డిలో పెరిగే స్కాలప్ అనే గుల్లచేపలు పట్టి అమ్ముకునేవాళ్ళు అక్కడ చాలామంది. గడ్డితోపాటే స్కాలప్‌లు పోయాయి, ఆ వ్యాపారం మూతపడింది. బతుకుతెరువు పోయిందని అది అన్నమాట ఇదే.

పోయిన గడ్డి మళ్ళీ దానంతటదే ఎందుకు రాలేదు? దీని గింజ బరువు, చాలావరకు తల్లిమొక్కకి దగ్గర్లోనే పడుతుంది. దగ్గర్లో తల్లే లేకపోతే గింజ ఎక్కడినుంచి వస్తుంది? అలా అరవై ఏళ్ళకి పైగా ఆ అఖాతాలు బోడిగానే ఉన్నాయి. 1990ల చివర్లో ఒకచోట చిన్న మడి అంత గడ్డి మొలిచి ఉండడం కంటపడింది. అంటే నీళ్ళు బాగానే ఉన్నాయి, లేనిది విత్తనమే! రాబర్ట్ ఆర్థ్ అనే శాస్త్రజ్ఞుడు, వర్జీనియా సముద్రశాస్త్ర సంస్థలోని తన తోటివాళ్ళతో కలిసి 1999 ప్రాంతంలో పని మొదలుపెట్టాడు. వసంతంలో గింజకట్టిన కాడల్ని చేతులతో కోసి తేవడం, తొట్లలో ఉంచి గింజలు రాలేదాకా చూడడం, చలికాలం వచ్చేలోపల పడవలో వెళ్ళి చేత్తో చల్లడం. ఇదే పని ఏటేటా. గింజలు కోయడానికి ఏ జీతమూ లేకుండా మామూలు జనం వచ్చి నీళ్ళల్లోకి దిగారు.

ఇరవై ఏళ్ళలో చల్లిన గింజలు 7 కోట్లకి పైనే. చల్లిన నేల సుమారు 500 ఎకరాలు. అక్కడినుంచి గడ్డి తనంతట తనే పాకి, 2020లో లెక్క రాసేనాటికి సుమారు 9,000 ఎకరాలు పచ్చబడింది! నీళ్ళు తేటపడ్డాయి, చేపలు పెరిగాయి. స్కాలప్‌లని కూడా తెచ్చి వదులుతున్నారు. డెన్మార్క్‌లోనూ పాత కప్పుల్ని బాగుచెయ్యడానికి మరోచోటినుంచి గడ్డి తెప్పించుకున్నారు. 2013లో లేసోలో ఇదే గడ్డిని గోడలకీ కప్పుకీ వాడి కొత్తరకం ఇల్లు ఒకటి కట్టి చూపించారు.

అన్నీ చక్కబడ్డాయని కాదు. పొలాల్లోని ఎరువులూ ఊళ్ళల్లోని మురుగూ సముద్రంలో కలిసినచోట నాచు విపరీతంగా పెరిగి ఎండని కమ్మేస్తుంది. ఎండ లేకపోతే ఈ గడ్డి బతకదు. నీళ్ళు మరీ వేడెక్కినా చచ్చిపోతుంది. మనవైపు కూడా తమిళనాడు దగ్గర పాక్ అఖాతంలో, మన్నార్ సింధుశాఖలో వేరే రకాల సముద్రపు గడ్డి ఉంది. దాన్ని మేసి బతికే దుగాంగ్ అనే సాధుజంతువు కోసం 2022లో తమిళనాడు ప్రభుత్వం పాక్ అఖాతంలో ఒక రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. ఆ గడ్డి అయినా దాని పని అది చేస్తుండగానే మన కళ్ళబడితే అంతకన్నా కావలసిందేముంది?

ఈ కథంతటిలో నాకు తోచిన మాట ఒక్కటే. గడ్డిని తిరిగి మొలిపించడానికి 7 కోట్ల గింజలు పట్టాయి గానీ, మొలిపించగలిగారు. చేతినేర్పు మాత్రం గింజల్లో దాగి ఉండదు. సేరీ ఆడవాళ్ళ జావ మిగిలిందంటే, ఒకావిడ పక్కన కూర్చుని విని రాసుకుంది కాబట్టి. లేసోలో కప్పు మెలిపెట్టే ఆడవాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళు తగ్గిపోయారు కాబట్టే, వాళ్ళ మనవలు ఆ పనిని మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవలసి వచ్చింది. మన ఇళ్ళల్లో కూడా విసుర్రాయి తిప్పడం తెలిసినవాళ్ళు, ఈతాకు చాప అల్లడం తెలిసినవాళ్ళు, ఏ గింజ ఎన్ని ఎండలకి ఎండుతుందో చేత్తో పట్టి చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. అత్తగారో, అమ్మో, పక్కింటి మామ్మగారో. ఈసారి ఆవిడ చాట చేతిలోకి తీసుకున్నప్పుడు స్టవ్ కాసేపు కట్టేసి, పక్కన ఓ పీట వేసుకుని కూర్చోండి. పిల్లల్ని కూడా పిలవండి.